బ్రిటన్ యూనివర్సిటీ హాల్స్‌లో మొదటి ఏడాది: సూట్‌కేసులో ఏం పెట్టుకోవాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

బ్రిటన్‌లో చదువుకోవడానికి బయల్దేరే పిల్లలూ, వాళ్ల అమ్మానాన్నలూ ఏటా ఆగస్టులో నన్ను అడిగే ప్రశ్నలివి. నేను ఉత్తర ఇంగ్లండ్‌లో ఒక యూనివర్సిటీ హాల్స్‌లో ఏడాది ఉన్నాను. ఆ తర్వాత సెప్టెంబర్ వచ్చిందంటే కొత్తగా దిగే మన పిల్లల్ని స్టేషన్ నుంచి గదికి చేర్చే పని చాలాసార్లు చేశాను. వాళ్ల పెట్టెలు విప్పినప్పుడు దాదాపు ప్రతిసారీ ఒకటే కనిపిస్తుంది. ఇక్కడ వీధి చివరి షాపులో దొరికే సామాను నిండా ఉంటుంది. ఇక్కడ ఎంత తిరిగినా దొరకనిది ఇంట్లోనే ఉండిపోతుంది. మీకు అలా కాకూడదని కాస్త వివరంగానే రాస్తున్నాను.

హాల్స్ అంటే మన హాస్టల్ లాంటిదేనా?

పేరుకు అంతే గానీ సామాను విషయంలో చాలా తేడా ఉంది. ఇక్కడ ఎక్కువగా ఒక్కొక్కరికి ఒక గది ఇస్తారు. మంచం, పరుపు, బల్ల, కుర్చీ, బట్టల అల్మారా, చలికాలానికి గోడకు రేడియేటర్ గదిలోనే ఉంటాయి. కాబట్టి పరుపు, బకెట్, తాళంకప్ప, ట్రంకుపెట్టె లాంటి మన హాస్టల్ లిస్టును పక్కన పెట్టేయండి. దుప్పట్లు, దిండు, వంట సామాను మాత్రం చాలాచోట్ల ఇవ్వరు.

హాల్స్‌లో రెండు రకాలు. క్యాటర్డ్ అంటే మెస్ ఉన్నది. సెల్ఫ్ క్యాటర్డ్ అంటే ఐదారుగురో, ఎనిమిది మందో కలిసి ఒక కిచెన్ వాడుకుంటూ ఎవరి వంట వాళ్లు చేసుకునేది. మనవాళ్లు ఎక్కువగా రెండోదే తీసుకుంటారు. బాత్రూమ్ కూడా అంతే, గదిలోనే ఉంటే ఎన్‌సూట్ అంటారు, లేకపోతే నలుగురితో పంచుకోవాలి.

ఒక్క బట్ట కూడా సర్దకముందు మీ హాల్ వెబ్‌సైట్‌లో నాలుగు విషయాలు చూసి రాసుకోండి: మంచం సైజు, కిచెన్‌లో స్టవ్ ఏ రకం, మెస్ ఉందా లేదా, గదిలోకి ఏవేవి తేకూడదు. దొరక్కపోతే అకామడేషన్ ఆఫీసుకు ఈమెయిల్ పెట్టండి, జవాబిస్తారు. కింద రాసిన సగం విషయాలు ఈ నాలుగింటి మీదే ఆధారపడి ఉంటాయి.

మొత్తం ఎన్ని కిలోలు పట్టుకెళ్లవచ్చు?

మీ టికెట్ మీద ఉన్నదే లెక్క. ఎక్కువ ఎయిర్‌లైన్స్ ఒక్కో పెట్టెకు 23 కిలోలు అంటాయి, స్టూడెంట్ టికెట్ అయితే రెండో పెట్టె కూడా ఇస్తుంటాయి. మొత్తం అలవెన్స్ ఎంత ఉన్నా ఒక్క పెట్టె 32 కిలోలు దాటితే తీసుకోరు. హ్యాండ్ బ్యాగేజీ సాధారణంగా 7 కిలోలు. హైదరాబాద్ నుంచి లండన్ హీత్రూకు నేరుగా బ్రిటిష్ ఎయిర్‌వేస్ ఉంది. దోహా, దుబాయ్, అబుదాబి మీదుగా వెళ్లేవీ ఉన్నాయి. మీ టికెట్‌లో రెండు వేర్వేరు ఎయిర్‌లైన్స్ ఉంటే తక్కువ బరువు ఇచ్చేవాళ్ల లెక్క ప్రకారం సర్దండి.

అలవెన్స్ ఉంది కదా అని నింపేయకండి. విమానం దిగాక ఆ పెట్టెల్ని రైలెక్కించేది మీరే. మన స్టేషన్లలోలా కూలీలు ఉండరు. పాత హాల్స్‌లో లిఫ్ట్ ఉండదు, గది మూడో అంతస్తులో రావచ్చు. మీరు ఒక్కరే రెండు మెట్లు ఎత్తి దించలేని పెట్టె మీకు బరువైనదే.

అన్నిటికంటే ముందు ఏం పెట్టుకోవాలి?

కాగితాలు. అవి పెద్ద పెట్టెలో కాదు, భుజాన ఉండే బ్యాగులో. పాస్‌పోర్ట్, క్యాస్ లెటర్ (వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే అడ్మిషన్ ధ్రువీకరణ), ఆఫర్ లెటర్, టీబీ పరీక్ష సర్టిఫికెట్, హాల్ అగ్రిమెంట్, ఫీజు కట్టిన రసీదులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు. టెన్త్ మెమో, ఇంటర్ మెమో, పీజీకి వచ్చేవాళ్లయితే డిగ్రీ కన్సాలిడేటెడ్ మెమో, ప్రొవిజనల్ సర్టిఫికెట్ ఒరిజినల్స్ కూడా. ఎన్‌రోల్‌మెంట్ రోజున ఒరిజినల్స్ చూపించమని అడిగే యూనివర్సిటీలు ఉన్నాయి.

ఇప్పుడు వీసా ఎక్కువగా ఆన్‌లైన్‌లోనే ఉంటుంది. బ్రిటన్‌లో ఉండే అనుమతికి ముందు ఇచ్చే బీఆర్‌పీ ప్లాస్టిక్ కార్డుల కాలం 2024 డిసెంబర్‌తో ముగిసింది. ఇప్పుడు ఈవీసా. అంటే యూకేవీఐ (బ్రిటన్ ప్రభుత్వ వీసా విభాగం) అకౌంట్‌లో లాగిన్ అయి షేర్ కోడ్, అంటే మీ వీసా వివరాలు ఎదుటివాళ్లు చూసుకోవడానికి ఇచ్చే కోడ్, తీసి చూపించాలి. ఇంటి దగ్గర ఉండగానే ఆ అకౌంట్‌లోకి ఒకసారి వెళ్లి చూడండి. పాస్‌పోర్ట్ నంబర్ సరిగ్గా ఉందా, పేరులో అక్షరం తేడా ఉందా చూసుకోండి. మన ఇంటిపేర్లు ఒక కాగితంలో ముందు, ఇంకో కాగితంలో వెనుక వస్తుంటాయి కాబట్టి ఇది తప్పకుండా చేయాలి. ఆ అకౌంట్‌కు ఇచ్చిన ఈమెయిల్ మీదే అయి ఉండాలి, కన్సల్టెన్సీ వాళ్లది కాకూడదు. ఈ ఒక్క పొరపాటు వల్ల దిగిన మొదటి వారంలో ఏడ్చిన అమ్మాయిని చూశాను.

అన్నీ స్కాన్ చేసి ఈమెయిల్‌లో ఒక కాపీ, నాన్నగారి ఫోన్‌లో ఒక కాపీ ఉంచండి. హాల్ అడ్రస్, పోస్ట్‌కోడ్ కాగితం మీద రాసి జేబులో పెట్టుకోండి. ఫోన్ చార్జింగ్ అయిపోతే ఆ కాగితమే మిమ్మల్ని గదికి చేరుస్తుంది.

చేతిలో ఎంత డబ్బు ఉండాలి?

ఫారెక్స్ కార్డు (విదేశీ డబ్బు ముందే నింపుకునే కార్డు) మీద ఎక్కువ, చేతిలో తక్కువ. మొదటి వారానికి 150, 200 పౌండ్ల నగదు చాలు. బస్సు, కాఫీ, కూరగాయలు అన్నిటికీ ఇక్కడ కార్డే వాడతారు, కొన్ని షాపులు నగదు అసలు తీసుకోవు. మార్చుకునేటప్పుడు 5, 10, 20 పౌండ్ల నోట్లు అడగండి. 50 నోటు చూస్తే చిన్న షాపుల వాళ్లు వెనకాడతారు.

ఇంకో మాట. ఎప్పుడో లండన్ వెళ్లొచ్చిన బంధువులు మిగిలిన నోట్లు ప్రేమగా చేతిలో పెడుతుంటారు. అవి కాగితం నోట్లయితే షాపుల్లో చెల్లవు. కాగితపు 20, 50 పౌండ్ల నోట్లను 2022 సెప్టెంబర్ 30తో ఆపేశారు, ఇప్పుడన్నీ ప్లాస్టిక్ లాంటి పాలిమర్ నోట్లే. గుండ్రటి పాత పౌండు నాణెం 2017లోనే పోయింది, ఇప్పటిది పన్నెండు అంచులది.

మందులు పట్టుకెళ్లాలా? అక్కడ డాక్టర్లు ఉంటారు కదా?

ఉంటారు. వీసాతోపాటు ఏడాదికి 776 పౌండ్ల చొప్పున హెల్త్ సర్‌చార్జ్ కట్టి ఉంటారు కాబట్టి ఎన్‌హెచ్‌ఎస్ (ఇక్కడి ప్రభుత్వ వైద్య సేవ) వైద్యం మీకు హక్కే. దిగిన మొదటి వారంలోనే దగ్గరలోని జీపీ (మొదట చూసే మామూలు డాక్టర్) క్లినిక్‌లో పేరు రాయించుకోండి. కానీ మన దగ్గరలా మెడికల్ షాపుకి వెళ్లి "అన్నా, గొంతునొప్పికి ఏదైనా ఇవ్వు" అంటే అడిగిన వెంటనే యాంటీబయాటిక్ ఇవ్వరు. డాక్టర్ చీటీ కావాలి, లేదా ఇంగ్లండ్‌లో గొంతునొప్పి లాంటి కొన్నిటికి ఫార్మసిస్టు పరీక్షించి అవసరమనుకుంటేనే ఇస్తారు. డాక్టర్ కూడా చిన్న జలుబుకు రాయరు, వేడినీళ్లు తాగి పడుకోమంటారు. మొదట్లో మనకు అది పట్టించుకోనట్టు అనిపిస్తుంది. అలా కాదు, ఇక్కడి పద్ధతే అది.

మీరు రోజూ వాడే మందులు ఉంటే (థైరాయిడ్, ఆస్తమా ఇన్‌హేలర్, మైగ్రేన్, చర్మానికి సంబంధించినవి) రెండు మూడు నెలలకు సరిపడా, డాక్టర్ ఇంగ్లిష్‌లో రాసిచ్చిన చీటీతో, అసలు స్ట్రిప్పుల్లోనే తెచ్చుకోండి. చీటీలో బ్రాండ్ పేరుతోపాటు మందు అసలు పేరు కూడా రాయించండి, మన బ్రాండ్ పేర్లు ఇక్కడివాళ్లకు తెలియవు. నిద్రమాత్రలు, బలమైన నొప్పి మందులు లాంటివి కంట్రోల్డ్ లిస్టులో ఉండవచ్చు, వాటి సంగతి బ్రిటన్ ప్రభుత్వ వెబ్‌సైట్‌లో చూసుకోకుండా పెట్టెలో వేయకండి.

పారాసిటమాల్ కోసం బెంగపడొద్దు, ప్రతి సూపర్ మార్కెట్‌లో చౌకగా దొరుకుతుంది. అయితే 650 కాదు, 500 మిల్లీగ్రాములవి. 16 మాత్రల పెట్టెలు ఒకసారికి రెండే ఇస్తారు. ఓఆర్ఎస్ ప్యాకెట్లు, మీకు పడే కడుపు మందు, అమృతాంజనమో జండూబామో ఒక సీసా, ఇవి చాలు. టీకాల కార్డు కూడా తెచ్చుకోండి. ఎంఎంఆర్ (తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా టీకా) రెండు డోసులు పడ్డాయో లేదో అడుగుతారు. యూనివర్సిటీలో కొత్తగా చేరేవాళ్లకు మెనింజైటిస్ నుంచి కాపాడే మెన్ ఏసీడబ్ల్యూవై టీకా 25వ పుట్టినరోజు దాకా ఎన్‌హెచ్‌ఎస్ ఉచితంగా వేస్తుంది, జీపీని అడిగి వేయించుకోండి.

కళ్లజోడు, పళ్ల సంగతి?

రెండూ ఇండియాలోనే చూపించుకుని రండి. పంటి వైద్యానికీ, కళ్లజోడుకూ మామూలుగా ఇక్కడ డబ్బు కట్టాలి, పంటి డాక్టర్ అపాయింట్‌మెంట్ దొరకడమే కష్టం. రెండో జత కళ్లజోడు, పవర్ రాసిన చీటీ తప్పనిసరి.

మా అమ్మ పది కిలోల సోనామసూరి కట్టేసింది. తీసుకెళ్లనా?

వద్దు. అమ్మకు నచ్చచెప్పండి. సోనామసూరి, కందిపప్పు, మినప్పప్పు, ఇడ్లీరవ్వ, చింతపండు ఇక్కడి ఇండియన్ షాపుల్లో దొరుకుతాయి. లండన్‌లో ఈస్ట్‌హామ్, వెంబ్లీ, సౌతాల్, లెస్టర్‌లో బెల్‌గ్రేవ్ రోడ్, మాంచెస్టర్‌లో రష్‌హోమ్, బర్మింగ్‌హామ్‌లో సోహో రోడ్ వైపు వెళ్తే మన ఊరి కిరాణా కొట్టులో నిలబడ్డట్టే ఉంటుంది. ఇంత పెద్ద ఊరు కాకపోయినా యూనివర్సిటీ ఉన్న చాలా ఊళ్లలో ఒక ఏషియన్ షాపు ఉంటుంది, నలుగురు కలిసి ఆన్‌లైన్‌లో తెప్పించుకోవచ్చు. మామూలు సూపర్ మార్కెట్‌లో కూడా బాస్మతి, ఎర్ర కందిపప్పు, పసుపు, జీలకర్ర దొరుకుతాయి.

దిగిన మొదటి రెండు రోజుల కోసం ఒక అరకిలో బియ్యం, పావుకిలో కందిపప్పు తెచ్చుకోండి, అంతే. షాపు ఎక్కడుందో తెలిసేదాకా అవి ఆదుకుంటాయి. నా మొదటి రాత్రి నేను తిన్నది అన్నం, కందిపొడి, ఒక చెంచా నూనె. ఆ రుచి ఇప్పటికీ గుర్తుంది.

మరి పచ్చళ్లు, పొడులు, స్వీట్లు?

ఇక్కడే మీ బరువు ఖర్చు పెట్టండి. ఇంట్లో కొట్టిన కారం, కందిపొడి, నల్లకారం, కరివేపాకు పొడి, సాంబారు పొడి, రసం పొడి, ఇవి షాపులో కొంటే మీ ఇంటి రుచి రాదు. బ్రిటన్ కారప్పొడి రంగుకు ఎర్రగానే ఉంటుంది గానీ, గుంటూరు మిరపతో ఇంట్లో ఆడించుకున్న దానికి అలవాటుపడ్డ నాలుకకు సరిపోదు. పొడులు తేలిక, పాడవవు, పరీక్షల రోజుల్లో వంట చేసే ఓపిక లేనప్పుడు అన్నంలో కలుపుకుంటే భోజనం అయిపోతుంది. మెస్ ఉన్న హాల్‌కు వెళ్లేవాళ్లకు ఇవి మరీ అవసరం, ఉడకబెట్టిన బంగాళాదుంప మీద కాస్త కారప్పొడి చల్లుకుంటే ప్రాణం లేచొస్తుంది.

ఆవకాయ, గోంగూర, టమాటా పచ్చళ్లు కిలో కిలోన్నర చాలు. పచ్చళ్ల షాపుల్లో "ఫారిన్ ప్యాకింగ్" అని అడిగితే గాలి చొరబడకుండా సీల్ చేసి ఇస్తారు. ఇంటి పచ్చడిని కూడా కొంత డబ్బు తీసుకుని ప్యాక్ చేసిచ్చేవాళ్లు ఉన్నారు. గాజు సీసాలో పెట్టకండి. సీల్ చేసిన కవర్‌ను ఇంకో రెండు కవర్లలో చుట్టి బట్టలకు దూరంగా పెట్టండి, నూనె కారితే కొత్త స్వెటర్లన్నీ పోతాయి. పచ్చడి పెద్ద పెట్టెలోనే వెళ్లాలి, హ్యాండ్ బ్యాగేజీలో సెక్యూరిటీ వాళ్లు తీసేస్తారు. ప్రతి ప్యాకెట్ మీద అది ఏమిటో ఇంగ్లిష్‌లో రాసి అంటించండి.

ఇప్పుడు తేకూడనివి. ఇండియా నుంచి మాంసం, పాల పదార్థాలు గ్రేట్ బ్రిటన్‌లోకి తీసుకురావడం నిషేధం. అంటే చికెన్ పచ్చడి, మటన్ పచ్చడి, పాలకోవా, నెయ్యి వద్దు. ఎంత బాగా ప్యాక్ చేసినా ఇదే రూలు. నెయ్యి ఇక్కడ ఇండియన్ షాపులోనే కాదు, పెద్ద సూపర్ మార్కెట్లలో కూడా దొరుకుతుంది. అమ్మ చేసిచ్చేవాటిలో జంతికలు, సకినాలు, నూనెలో వేయించిన అరిసెలు, మరమరాల ఉండలు ఎంచుకోండి. నెయ్యితో చుట్టిన సున్నుండలు ఇంట్లోనే తినేసి రండి.

మునక్కాయలు, తులసి మొక్క లాంటివి మొక్కల ఆరోగ్య సర్టిఫికెట్ లేకుండా రానివ్వరు. ఎండుకొబ్బరి చిప్పల దగ్గర మన ఎయిర్‌పోర్టులోనే ఆగిపోతారు. అందులో నూనె ఎక్కువ, మంట అంటుకుంటుందని విమానంలో ఎక్కనివ్వరు. కొబ్బరికారం కావాలంటే ఇక్కడ కొబ్బరిపొడి కొని చేసుకోవచ్చు.

కుక్కర్, మిక్సీ, గిన్నెలు?

ముందు స్టవ్ సంగతి తెలియాలి. చాలా హాల్స్‌లో ఇండక్షన్ స్టవ్‌లు పెట్టారు, వాటి మీద అల్యూమినియం, రాగి గిన్నెలు వేడెక్కవు. ఇంట్లో ఫ్రిజ్ మీద ఉండే అయస్కాంతం తీసి గిన్నె అడుగున పెట్టి చూడండి. గట్టిగా అంటుకుంటే ఇక్కడ పనికొస్తుంది. జారిపోతే ఇంట్లోనే ఉంచేయండి.

నా సలహా: రెండు లేదా మూడు లీటర్ల స్టీలు కుక్కర్ ఒకటి, ఇండక్షన్ బేస్ ఉన్నది. బరువైనా ఇది తేదగ్గ వస్తువే. ప్రెషర్ కుక్కర్ ఇక్కడ మామూలు షాపుల్లో అరుదు, దొరికితే పెద్దదీ ఖరీదైనదీ. అదనంగా ఒక గ్యాస్కెట్, ఒక సేఫ్టీ వాల్వ్ పెట్టుకోండి, మన కుక్కర్ కంపెనీలవి ఇక్కడ దొరకడం కష్టం. కుక్కర్ లోపల ఖాళీగా ఉంచకుండా పొడుల ప్యాకెట్లు సర్దండి. మొదటిసారి విజిల్ వచ్చే ముందు ఫ్లాట్‌మేట్స్‌కు చెప్పండి. ఎన్నడూ వినని వాళ్లు భయపడతారు, చెబితే ఆసక్తిగా వచ్చి చూస్తారు.

పోపుల డబ్బా చిన్నది తెచ్చుకోండి. ఆవాలు, మినప్పప్పు, మెంతులు, ఇంగువ నింపి మూత చుట్టూ టేపు వేస్తే చాలు. ఒక అట్లకాడ, ఒక గరిటె, పప్పుగుత్తి కూడా. పప్పుగుత్తి ఇక్కడ ఏ షాపులోనూ చూడలేదు నేను. మిక్సీ వద్దు, అది మోసుకొచ్చిన నలుగురిలో ముగ్గురు రెండో నెలకు వాడటం మానేశారు. రైస్ కుక్కర్ ఇక్కడే చవగ్గా వస్తుంది, ముందు మీ హాల్ ఒప్పుకుంటుందో లేదో చూడండి, ఒప్పుకున్నా కిచెన్‌లో మాత్రమే. మిగిలిన మూకుడు, ప్లేట్లు, గ్లాసులు ఐకియాలోనో ఆర్గోస్‌లోనో కొనుక్కోవచ్చు. సీనియర్లు వెళ్తూ ఇచ్చేసేవి కూడా బోలెడు ఉంటాయి.

చాకు కావాలంటే పెద్ద పెట్టెలో పెట్టుకోండి. ఇంగ్లండ్‌లో 18 నిండనివాళ్లకు కత్తులు అమ్మరు, నిండినా వయసు రుజువు అడుగుతారు. స్టీలు టిఫిన్ బాక్స్ మంచిదే గానీ మైక్రోవేవ్‌లో పెట్టకూడదు. క్యాంపస్‌లో అన్నం వేడి చేసుకోవడానికి ప్లాస్టిక్ లేదా గాజు డబ్బా ఇక్కడ కొనుక్కోండి.

తాలింపు వేస్తే ఫైర్ అలారం మోగుతుందట, నిజమేనా?

నిజం. నా విషయంలో జరిగింది కూడా. రెండో వారంలో ఒక రాత్రి పప్పుచారు పోపు పెడుతూ కిచెన్ తలుపు తెరిచి ఉంచాను, గాలి ఆడుతుందని. అలారం మోగింది, నూరు మందికి పైగా నైట్ డ్రెస్సుల్లో చలిలో కిందికి దిగి నిలబడాల్సి వచ్చింది. ఎవరూ ఏమీ అనలేదు గానీ నాకు చాలా బాధేసింది.

కారణం తర్వాత తెలిసింది. చాలాచోట్ల కిచెన్‌లో ఉండేది వేడిని పసిగట్టే అలారం, మామూలు వంటకు అది మోగదు. వరండాలో ఉండేది పొగను పసిగట్టేది. కిచెన్ తలుపు తెరిచి ఉంటే పొగ వరండాలోకి వెళ్తుంది, అది మోగుతుంది. కాబట్టి తలుపు మూసి, కిటికీ తెరిచి, స్టవ్ పైన ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేసి, సన్న మంట మీద పోపు పెట్టండి. ఎండుమిరపకాయలు చివర్లో వేయండి. అలారానికి ఎప్పుడూ కవర్ కట్టకండి, దానికి జరిమానా వేస్తారు, పైగా నిజంగా నిప్పు అంటుకుంటే ప్రాణాల మీదికి వస్తుంది.

మన ప్లగ్గులు అక్కడ పనిచేస్తాయా?

కరెంటు ఒకటే, 230 వోల్టులు, 50 హెర్ట్జ్. కాబట్టి కన్వర్టర్ అక్కర్లేదు. ప్లగ్గు ఆకారం వేరు. మనది గుండ్రటి పిన్నులు, ఇక్కడిది మూడు పలకల పిన్నులు, లోపల చిన్న ఫ్యూజు ఉంటుంది. టైప్ జీ అడాప్టర్లు రెండు కొనుక్కోండి. ఇండియా నుంచి ఎక్స్‌టెన్షన్ బాక్స్ మాత్రం తేవద్దు. ఇక్కడి బ్రిటిష్ స్టాండర్డ్ ముద్ర లేని వాటిని హాల్ తనిఖీలో తీసేస్తారు, ఇక్కడిది కొన్ని పౌండ్లకే వస్తుంది. గదిలో హీటర్, ఇండక్షన్ స్టవ్, ఇమ్మర్షన్ రాడ్ అస్సలు వద్దు.

పవర్ బ్యాంకు హ్యాండ్ బ్యాగేజీలోనే పెట్టాలి, 20,000 ఎంఏహెచ్ లోపుదైతే ఇబ్బంది ఉండదు.

చలి ఎక్కువ కదా, ఎన్ని స్వెటర్లు?

తెలుగు అమ్మలందరి మొదటి ప్రశ్న ఇదే. గది లోపల, క్లాసు లోపల, లైబ్రరీ లోపల వెచ్చగా ఉంటుంది. చలి బయట నడిచే పావుగంటే. అందుకని ఒక్క మందపాటి స్వెటర్ కంటే పల్చటివి మూడు ఒకదాని మీద ఒకటి వేసుకోవడం మేలు, లోపలికి రాగానే తీసేయొచ్చు. థర్మల్స్ రెండు జతలు, ఉన్ని సాక్సులు మన దగ్గర కొనుక్కోండి. కోటు ఇక్కడే కొనండి. హైదరాబాద్‌లో కొన్న కోట్లు చలికి ఆగుతాయేమో గానీ చాలావరకు ఇక్కడి వానకీ గాలికీ ఆగవు. ప్రైమార్క్, డెకాత్లాన్‌తోపాటు ఆక్స్‌ఫామ్, బ్రిటిష్ హార్ట్ ఫౌండేషన్ లాంటి చారిటీ షాపుల్లో మంచి కోట్లు తక్కువకే దొరుకుతాయి. సెప్టెంబర్‌లో దిగేటప్పుడు ఒక జాకెట్ సరిపోతుంది. గొడుగు కంటే టోపీ ఉన్న వాన కోటు మేలు, ఇక్కడి గాలికి గొడుగులు తిరగబడతాయి.

చలి కంటే చీకటి మనవాళ్లను ఎక్కువ కుంగదీస్తుంది. అక్టోబర్ చివరి ఆదివారం గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు. డిసెంబర్‌లో ఉత్తర ఇంగ్లండ్‌లో సాయంత్రం నాలుగు కాకముందే పొద్దుగూకుతుంది. దానికి పెట్టెలో పెట్టుకోగలిగింది ఏమీ లేదు, పగలు ఒకసారైనా బయట నడవండి. దీపావళికో ఉగాదికో వేసుకోవడానికి ఒక చీరో, లంగావోణీయో, కుర్తానో మాత్రం పెట్టుకోండి. అలాంటి రోజున అది లేకపోతే చాలా వెలితిగా ఉంటుంది.

దుప్పట్లు, దిండు?

ఇక్కడ కప్పుకునేది డువే, అంటే బొంత లాంటిది. దాని వెచ్చదనాన్ని టాగ్ అనే లెక్కలో చెబుతారు. హాల్ గదికి 10.5 టాగ్ సరిపోతుంది. సింగిల్ మంచం 90 సెంటీమీటర్ల వెడల్పు, స్మాల్ డబుల్ అంటే 120. ఆ సైజు చూసుకుని ఇక్కడే కొనండి. చాలా హాల్స్ ముందే ఆర్డర్ చేస్తే బెడ్డింగ్ ప్యాక్ గదిలో పెట్టి ఉంచుతాయి. ఇంటి నుంచి ఒక పల్చటి దుప్పటి, ఒక తువ్వాలు చాలు.

సిగ్గుగా ఉంది గానీ, బాత్రూమ్‌లో నీళ్లుంటాయా?

ఇందులో సిగ్గుపడేది ఏమీ లేదు, అందరికీ ఉన్న ప్రశ్నే. టాయిలెట్‌లో కాగితమే, హ్యాండ్ షవర్ ఉండదు. ఒక చిన్న ప్లాస్టిక్ మగ్గు తప్పకుండా పెట్టుకోండి. బాత్రూమ్ అందరిదీ అయితే మూత ఉన్న నీళ్ల సీసా మేలు. నేల తడిపితే ఆరదు, షవర్ బయట నీళ్లు పోయే కాలువ ఉండదు, కాబట్టి జాగ్రత్తగా వాడాలి. బాత్రూమ్ చెప్పులు ఒక జత.

దేవుడి పటం, దీపం?

పటం తెచ్చుకోండి, చిన్నది. దీపం, అగరుబత్తి, కర్పూరం గదిలో వెలిగించడం దాదాపు అన్ని హాల్స్‌లోనూ నిషేధం. బ్యాటరీతో వెలిగే చిన్న దీపం పెట్టుకుంటారు మనవాళ్లు. కాస్త కుంకుమ, అమ్మ ఇచ్చే అక్షింతలు తేలికే.

ఇండియా సిమ్ ఉంచుకోవాలా?

ఉంచుకోండి, చాలా ముఖ్యం. మన బ్యాంకు ఓటీపీలు ఆ నంబర్‌కే వస్తాయి. బయల్దేరే ముందు ఇంటర్నేషనల్ రోమింగ్ ఆన్ చేయించండి, ఎస్సెమ్మెస్ వస్తుందో లేదో కంపెనీని అడగండి. అది ఆగిపోకుండా రీచార్జ్ చేసే పని ఇంట్లో ఒకరికి అప్పగించండి. ఎడ్యుకేషన్ లోన్ ఉన్నవాళ్లకు ఓటీపీ రాక ఫీజు ఆలస్యం అయితే వచ్చే టెన్షన్ మామూలుగా ఉండదు. రెండు సిమ్‌లు పట్టే ఫోన్ అయితే ఒకదానిలో ఇక్కడి సిమ్ వేసుకోవచ్చు.

ఇస్త్రీ పెట్టె, పుస్తకాలు, హ్యాంగర్లు, షాంపూలు?

ఏవీ వద్దు. బట్టలు హాల్‌లోని మెషీన్‌లో డబ్బు కట్టి ఉతుక్కోవాలి, కాబట్టి రంగు పోయే బట్టలు తేకండి. పుస్తకాలు లైబ్రరీలో ఉంటాయి. కొబ్బరినూనె ఒక చిన్న సీసా పెట్టుకోండి. ఇక్కడా దొరుకుతుంది గానీ మొదటి వారం తలనొప్పికి అమ్మ రాసే నూనె వాసన కావాలనిపిస్తుంది.

మొదటి రాత్రి ఇబ్బంది పడకుండా ఏం చేయాలి?

పెద్ద పెట్టె రాకపోయినా ఒక రాత్రి గడిచేలా హ్యాండ్ బ్యాగేజీ సర్దండి. ఒక జత బట్టలు, పల్చటి దుప్పటి, చార్జర్, అడాప్టర్, మందులు, బ్రష్షు, తినడానికి జంతికలో బిస్కెట్లో. హాల్ తాళంచెవి ఎన్నింటి వరకు ఇస్తారో ముందే కనుక్కోండి. రాత్రి పదకొండుకు చేరి ఆఫీసు మూసి ఉంటే వానలో నిలబడాల్సి వస్తుంది.

ఎయిర్‌పోర్టులో బరువు ఎక్కువైందన్నారు. ముందు ఏది తీసేయాలి?

ఇంట్లోనే తూచుకోండి, ఒక్కో పెట్టెలో కిలో తక్కువ ఉండేలా. అయినా ఎక్కువైతే ఈ వరుసలో తీయండి: షాంపూలు, సబ్బులు, ఆ తర్వాత పుస్తకాలు, అదనపు జీన్స్, బియ్యం, స్టీలు గ్లాసులు. కుక్కర్ ఆఖరున. కోటు ఉంటే తీసి ఒంటి మీద వేసుకోండి. సాగనంపడానికి వచ్చినవాళ్లను పెట్టెలు లోపలికి వెళ్లేదాకా బయటే ఉండమనండి, తీసిన సామాను వాళ్ల చేతికిచ్చి పంపొచ్చు. లేకపోతే అక్కడి చెత్తడబ్బాలో పడేయాల్సి వస్తుంది. పొడుల డబ్బా మాత్రం ఎవరు చెప్పినా బయటికి తీయకండి.